బీమ్ ఎక్కడ తెగాలో ఎవరు చెప్పాలి?

"మీరు నోట్లు కొట్టండి చాలు, బీమ్‌ల సంగతి సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది." టైపు చేసిన అక్షరాల నుంచి స్టాఫ్ (ఐదు గీతల పాశ్చాత్య స్వరలిపి) అచ్చేసే లిలీపాండ్ అనే ప్రోగ్రామ్‌ని కొత్తగా పట్టుకున్నవాళ్లకి ముందుగా అందే సలహా ఇది. ఈమధ్య ఒక కీబోర్డు టీచరు గారు నా ముందే ఇంకొకరికి ఈ మాట చెప్పారు. నేను అడ్డుపడితే ఆవిడ నవ్వేసి "గీతలేగా అండీ" అన్నారు. అక్కడ జవాబు చెప్పే తీరిక లేదు. ఇక్కడ ఉంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బీమ్, అంటే స్వరాల కాడల్ని కలుపుతూ పోయే ఆ అడ్డగీత, తాళం గురించి ఇచ్చే ఒక తీర్పు. పాశ్చాత్య సంగీతంలో ఆ తీర్పులు ఎప్పుడో కుదిరిపోయాయి, వాటిని సాఫ్ట్‌వేర్‌లో పెట్టేశారు, దానికి వదిలేసినా నష్టం లేదు. మన పాటని స్టాఫ్‌లోకి తెచ్చేటప్పుడు మాత్రం ఆ తీర్పు మనమే ఇవ్వాలి. అదీ ఎక్కడో మెనూలో క్లిక్ చేసి కాదు, ఫైలు మొదట్లో రాతపూర్వకంగా.

పేజ్‌మేకర్ రోజుల గీతలు

నాది బెజవాడ గవర్నర్‌పేటలో డీటీపీ పని. పెళ్లి కార్డులు, కోచింగ్ సెంటర్ల మెటీరియల్, పాంప్లెట్లు. మధ్యమధ్యలో సంగీతం పుస్తకాలు వచ్చేవి: సరళీ వరుసలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో స్వరాలు కొట్టాలి. రెండో కాలం (రెట్టింపు వేగం) స్వరాల నెత్తిన లైన్ టూల్‌తో ఒక గీత, మూడో కాలానికి రెండు గీతలు. స్వరాలు కొట్టడం గంటలో అయిపోయేది, గీతలకి పూట పట్టేది. ప్రూఫు వెళ్లి వచ్చేది. మొదటి వరుసలోనే ఎర్ర పెన్నుతో "ఇక్కడ కామా పడలేదు" అని ఉండేది. ఆ ఒక్క కామా పెట్టగానే స్వరాలన్నీ కుడికి జరిగేవి, గీతలు మాత్రం ఉన్నచోటే ఉండేవి. "దనిస" మీద ఉండాల్సిన గీత సగం ఖాళీ మీద, సగం పక్క స్వరం మీద. రెండో ప్రూఫు చూసిన పెద్దాయన "ఈ పంచమం రెండో కాలంలోకి ఎప్పుడొచ్చిందయ్యా?" అని అడిగేవారు. మళ్లీ గీతలన్నీ ఒక్కొక్కటే పట్టుకుని లాగడం.

అలాంటి పని చేసి చేసి ఉన్నవాణ్ణి, లిలీపాండ్ ఫైల్లో ఒక స్వరం మధ్యలో దూర్చి మళ్లీ నడిపితే బీమ్‌లన్నీ వాటంతటవే సర్దుకోవడం చూసి ఎంత పొంగిపోయానో ఆ రోజులు ఎరిగినవాళ్లకే అర్థమవుతుంది. ఆటోమేటిక్ బీమ్‌లంటే నాకు గిట్టదని ఎవరూ అనుకోవద్దు.

పైగా బీమ్ గీసే పనితనంలో ఆ ప్రోగ్రామ్‌కి వంక పెట్టలేం. 1996లో హాన్-వెన్ నీన్‌హౌస్, యాన్ న్యూవెన్‌హౌజెన్ అనే ఇద్దరు డచ్ సంగీతకారులు మొదలుపెట్టిన పని అది. బేరెన్‌రైటర్ వాళ్లు 1950లో చేత్తో చెక్కి అచ్చేసిన బాహ్ చెల్లో సూట్ల ప్రతిని పక్కన పెట్టుకుని, తమ అచ్చు దానికి ఎంత దగ్గరగా వస్తోందో చూసుకుంటూ సరిదిద్దుకున్నారు. బీమ్ కొస స్టాఫ్ గీత మీద కూర్చోవాలి, లేదా గీత నుంచి వేలాడాలి, లేదా గీత మధ్యకి రావాలి. అలా కాక గీతకీ బీమ్‌కీ మధ్య సన్నటి తెల్లటి సందు మిగిలితే అచ్చులో అది సిరా మరకలా కనిపిస్తుంది. అందుకని ప్రోగ్రామ్ రకరకాల వాలుల్ని, ఎత్తుల్ని ప్రయత్నించి, ఒక్కోదానికి తప్పు మార్కులు వేసి, తక్కువ తప్పులున్నదాన్ని ఉంచుతుంది. డీటీపీ వాడిగా దీనికి చెయ్యెత్తి దణ్ణం పెడతాను. బీమ్ ఎంత వాలాలి, ఎంత ఎత్తులో ఉండాలి అన్నది దాని ఇష్టం. ఎక్కడ తెగాలి అన్నదాంట్లోనే నా పేచీ.

ఒకే గీత, రెండు మాటలు

స్టాఫ్ చూసిన మన సంగీతం వాళ్లకి బీమ్ కొత్తగా అనిపించదు. గీత లేకపోతే మొదటి కాలం, ఒక గీతకి రెండో కాలం, రెండు గీతలకి మూడో కాలం. అటు స్టాఫ్‌లో క్రాచెట్‌కి బీమ్ లేదు, అందులో సగమైన క్వేవర్‌కి ఒకటి, దానిలోనూ సగమైన సెమీక్వేవర్‌కి రెండు. గీత పెరిగితే కాలం సగమవుతుంది. లెక్క అచ్చంగా సరిపోయింది.

కాకపోతే మన పైగీత చెప్పేది వేగం ఒక్కటే. అంగం (తాళంలో ఒక భాగం) ఎక్కడ ముగిసింది, ఆవర్తనం (తాళం ఒక చుట్టు) ఎక్కడ పూర్తయింది అన్నది నిలువు గీతలూ ఖాళీలూ చెబుతాయి. వాటికీ పైగీతకీ సంబంధం లేదు. పైగీత అంగం గీత దాకా సాగిందా, మధ్యలో తెగిందా అని ఏ శిష్యుడూ చూడడు. బీమ్ అలా కాదు. వేగమూ చెబుతుంది, "వీళ్లంతా ఒక జట్టు, బరువు జట్టులో మొదటివాడి మీద" అని కూడా చెబుతుంది. మొదటి సంగతి లెక్క, కంప్యూటర్ తప్పకుండా చేస్తుంది. రెండోది తాళజ్ఞానం.

లిలీపాండ్‌లో ఈ రెండూ విడివిడిగా రాయాల్సి రావడమే నాకు దాంట్లో నచ్చిన విషయం. స్వరం పేరు పక్కన 4 అంటే క్రాచెట్, 8 అంటే క్వేవర్, 16 అంటే సెమీక్వేవర్. ఒకసారి 8 రాస్తే మళ్లీ అంకె మార్చేదాకా వచ్చేవన్నీ క్వేవర్లే. మౌసుతో గుండ్రాలు అతికించేటప్పుడు కన్ను బొమ్మ మీద ఉంటుంది. ఇక్కడ బొమ్మ లేదు, కాలం మాత్రమే ఉంది. మనం స ; ; అని రాస్తే ఐదు మాత్రలని చూడగానే తెలిసిపోతుంది. స్టాఫ్‌లో ఐదింటికి ఒకే గుర్తు లేదు. సెమీక్వేవర్ మాత్ర అనుకుంటే ఒక క్రాచెట్‌కి ఇంకో సెమీక్వేవర్‌ని టై (రెండు స్వరాల్ని ఒకటిగా సాగదీసే వంపు గీత) కట్టాలి. మధ్యలో ~ పెట్టి 4, 16 అని టైపు చేసేటప్పుడు వేళ్లకి ఆ ఐదు అర్థమవుతుంది. నాకు ఖండగతి (ఐదు మాత్రల నడక) పుస్తకాల కంటే ఇలాగే బాగా ఒంటబట్టింది.

ఇక నిలువు గీత. లిలీపాండ్‌లో అది రాస్తే బార్ గీత పడదు, బార్ గీతలు దాని లెక్కన అవే పడతాయి. మనం రాసే నిలువు గీత తనిఖీ కోసం: "ఇక్కడికి ఆవర్తనం పూర్తవ్వాలి, అయిందా?" అని అడగడం. 5/8లో (బార్‌కి ఐదు క్వేవర్లు) ఒక క్వేవర్ తగ్గితే "బార్‌చెక్ ఫెయిల్డ్ ఎట్ 1/2" అని లైను నంబరుతో సహా చెబుతుంది. అంటే నాలుగు క్వేవర్ల దగ్గరే ఆగిపోయావు నాయనా అని. మృదంగం వాయించే మా బాబాయికి ఇది చూపిస్తే "మీ కంప్యూటర్‌కి తాళం వచ్చే!" అన్నారు. తాళం రాదు, కూడికలు వచ్చు. ఆ తేడా ఖండచాపు దగ్గర బయటపడుతుంది.

తకిట తక కాదమ్మా

ఖండచాపు అంటే తక తకిట. రెండు, మూడు. స్టాఫ్‌లో దీన్ని 5/8 అని పెడతాం. లిలీపాండ్‌కి 5/8 అని మాత్రమే చెబితే అది తన అలవాటు ప్రకారం క్వేవర్లని మూడు, రెండుగా కలుపుతుంది. అంటే తకిట తక. మన తాళం తిరగబడింది. అయినా బార్‌చెక్ కిక్కురుమనదు. 2+3 అయినా 3+2 అయినా ఐదు ఐదేగా.

సత్యనారాయణపురంలో బాబాయి వాళ్లింటికి ఒక అమ్మాయి వస్తుంది. కీబోర్డు గ్రేడ్ పరీక్షలు రాసే పిల్ల, స్టాఫ్ గడగడా చదువుతుంది. ఖండచాపులో ఒక కృతి స్వరాలు ఎవరో స్టాఫ్‌లోకి మార్చిన కాగితం తెచ్చుకుని వాయించింది. స్వరాలన్నీ సరిగ్గా ఉన్నాయి, లయ కూడా జారలేదు. కానీ ప్రతి ఆవర్తనంలో మొదటి స్వరం మీదా నాలుగో స్వరం మీదా వేలు బరువుగా పడుతోంది. బాబాయి మూడు నాలుగు ఆవర్తనాలు ఓపిక పట్టి మృదంగం ఆపేశారు.

"తకిట తక కాదమ్మా, తక తకిట. మూడో దాని మీద పడాలి."

"పేపర్లో అలాగే ఉంది తాతగారూ."

బాబాయి కాగితం తీసుకుని చూశారు. ఆయనకి స్టాఫ్ రాదు. కానీ మూడు తలకాయలు ఒక గీత కిందా రెండు తలకాయలు ఇంకో గీత కిందా ఉండటం చూడ్డానికి సంగీతం రానక్కర్లేదు. "ఇది రాసినవాడెవడో తాళం వేయకుండా రాశాడు" అన్నారు.

నేను మళ్లీ కొట్టి, టైమ్ అనే ఆదేశం పక్కన 2,3 అని చేర్చి 5/8 రాసిచ్చాను. చేసిన మార్పు అంతే. మర్నాడు ఆ పిల్ల బాగా వాయించింది. ఇది చూసి "చూశారా, బీమ్ మహిమ" అనేయొచ్చు. కానీ బాబాయి అప్పటికే చేత్తో వేసి చూపించారు కదా, ఆయన చెప్పింది పనిచేసిందో నా కాగితం పనిచేసిందో ఎలా తెలుస్తుంది? అందుకని ఆ పాట ఎప్పుడూ వినని ఇంకో కుర్రాడికి అదే కొత్త కాగితం ఇచ్చాను. వాడు తకిట తక వాయించలేదు, తక తకిట కూడా వాయించలేదు. ఐదూ ఒకే బరువుతో, కొలబద్ద పెట్టినట్టు వాయించాడు. సరైన బీమ్ ఉన్నంతమాత్రాన తాళం రాదని అక్కడ ఒప్పుకోక తప్పలేదు. తప్పు బీమ్ మాత్రం స్టాఫ్ బాగా చదవగలిగిన పిల్లనే దారి తప్పించింది. బాగా చదివేవాళ్లకే ఎక్కువ నష్టం, ఎందుకంటే వాళ్లు కాగితాన్ని నమ్ముతారు.

మిశ్రచాపు సంగతీ ఇంతే. 7/8 అని రాస్తాం. బల్గేరియాలో రచెనిత్సా అనే నాట్యం 7/8లోనే సాగుతుంది, అక్కడ రెండు, రెండు, మూడు. గ్రీకుల కలమాటియానోస్ కూడా 7/8లోనే రాస్తారు, అది మూడు, రెండు, రెండు, మన తకిట తకధిమికి దగ్గర. మనం బల్గేరియాలో ఉన్నామో బెజవాడలో ఉన్నామో 7/8 అనే భిన్నం చూసి సాఫ్ట్‌వేర్ ఎలా పోల్చుకుంటుంది?

ఆదితాళానికి ఈ బాధ లేదు. తాళం అక్షరాన్ని (ఒక లెక్కని) క్రాచెట్‌గా పెట్టుకుని 4/4 బార్లు రెండు వేసుకుంటే, క్వేవర్లని అది నాలుగేసి చొప్పున కలుపుతుంది, అంటే రెండేసి అక్షరాలు. తాళం అంగాల 4+2+2 ఎక్కడా చెదరదు. నేనూ అలాగే వదిలేస్తాను. రూపకాన్ని మూడు అక్షరాలుగా 3/4లో పెట్టినప్పుడు మాత్రం జాగ్రత్త. ఆరు క్వేవర్లనీ ఒకే బీమ్ కిందికి తోసేస్తుంది. జట్ల లెక్క చెప్పే బీట్‌స్ట్రక్చర్ అనే సెట్టింగు మార్చినా వినదు. 3/4కి బీమ్‌ఎక్సెప్షన్స్ అనే ఇంకో పట్టీలో ఈ ఆరు సంగతి విడిగా రాసుకుని ఉంటుంది, ముందు దాన్ని ఖాళీ చేయాలి. ఇది తెలియక జుట్టు పీక్కునేవాళ్లు చాలామందే.

వినిపిస్తే తెలిసిపోదా?

ఆ టీచరు గారి రెండో వాదన ఇది. మౌసుతో స్వరాలు పెట్టే మ్యూజ్‌స్కోర్ అనే ప్రోగ్రామ్‌లో నొక్కగానే వినిపిస్తుంది, తప్పుంటే చెవికి తెలుస్తుంది, ఈ టైపింగ్ గోల ఎందుకు అని. స్వరం తప్పయితే నిజంగానే తెలుస్తుంది. లిలీపాండ్ కూడా మిడి ఫైలు (కంప్యూటర్ వాయించి వినిపించేది) ఇస్తుంది, నేనూ విని సరిచూసుకుంటాను. కానీ మిడికి బీమ్‌తో పనిలేదు. 3+2గా కలిపినా 2+3గా కలిపినా, అసలు కలపకపోయినా, అదే ధ్వని. కాబట్టి ఈ తప్పు వింటే దొరకదు, కూడికలో దొరకదు. తాళం వేసుకుంటూ కాగితం చదివితేనే దొరుకుతుంది.

మ్యూజ్‌స్కోర్‌లో బీమ్ జట్లు మార్చుకునే వీలు లేదని కాదు. టైమ్ సిగ్నేచర్ ప్రాపర్టీస్‌లో ఉంది. ఆ మేరకు నా వాదన ఒక్క లిలీపాండ్ తరఫున కాదు. తేడా ఎక్కడంటే, ఒక ఫైలు నాకు పంపిస్తే అందులో 2,3 అని రాసి ఉందో లేదో మొదటి పది లైన్లలో కనిపిస్తుంది. కనిపిస్తే పోట్లాడొచ్చు. "మాస్టారూ, ఇది చాపు కాదేమో, ఖండజాతి ఏకమేమో" అని ఫోన్ చేయొచ్చు. డైలాగ్ బాక్సులో దాక్కున్న దాని మీద పోట్లాట కుదరదు, అది ఉందనే ఎవరికీ తెలియదు.

"అసలు మన సంగీతానికి స్టాఫ్ ఎందుకండీ" అనే పెద్దలున్నారు. గమకం (స్వరాన్ని ఊపి పలికే తీరు) ఎక్కడ పెడతావని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, కొత్తది మాత్రం కాదు. చిన్నస్వామి మొదలియార్ మద్రాసులో మన సంగీతాన్ని స్టాఫ్‌లో అచ్చేయించింది 1893 నాటి మాట. ఆ పనిలో ఆయనకి సాయపడిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెచ్చిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలోనే ఉంది. గమకాలకి అందులో ప్రత్యేకంగా గుర్తులే పెట్టుకున్నారు. నా వరకు, గమకం నేర్చుకోవడానికి గురువు దగ్గరకే వెళ్లాలి. కానీ కీబోర్డు పిల్లలు, వయొలిన్ గ్రేడ్ల పిల్లలు స్టాఫ్ ఎలాగూ చదువుతున్నారు, పాటల కాగితాలు చేతులు మారుతున్నాయి. అందులో కంపితం లాంటి గమకం దొరక్కపోతే లోటే. తాళం కూడా దొరక్కపోతే దానికి సాకు లేదు, తాళాన్ని స్టాఫ్ శుభ్రంగా చెప్పగలదు.

సాహిత్యం వచ్చి కూర్చుంటే

గాత్రానికి రాసేటప్పుడు చిక్కు ఇంకో మెట్టు ఎక్కుతుంది. పాత పాశ్చాత్య పద్ధతిలో గాత్రం నోట్లకి సాహిత్యంలోని ఒక్కో అక్షరానికి ఒక్కో ఫ్లాగ్ (స్వరం కాడకి ఉండే తోక) విడిగా పెడతారు. ఒకే అక్షరం మీద నాలుగు స్వరాలు నడిస్తేనే ఆ నాలుగింటినీ బీమ్ కింద కలుపుతారు. ఆటోబీమ్‌ఆఫ్ పెట్టి చేత్తో బీమ్‌లు వేస్తే లిలీపాండ్ కూడా అలాగే అర్థం చేసుకుని, కింద సాహిత్యాన్ని ఆ నాలుగు స్వరాలకీ ఒకే అక్షరంగా సాగదీస్తుంది. అంటే వేగం, జట్టు చాలక, సాహిత్యం ఎంతసేపు సాగాలో చెప్పే పని కూడా ఆ ఒక్క గీత నెత్తినే. మన కృతుల్లో ఒక "రా" మీద ఆవర్తనం అంతా గడిచిపోవచ్చు. బీమ్‌ని సాహిత్యానికి అప్పగిస్తే తాళం కనపడకుండా పోతుంది. నేను బీమ్‌ని తాళానికే ఉంచి, సాహిత్యం సాగేచోట స్లర్ (స్వరాల్ని కలిపే వంపు గీత) వేస్తాను. స్లర్ వేసినా అక్షరం సాగుతుంది. ఇప్పటి గాత్రం అచ్చుల్లో కూడా ఈ పద్ధతి కనిపిస్తోంది.

ఎత్తుగడ విషయం ఒకటి చెప్పి ముందుకెళ్తాను. పాట తాళం కంటే ముందు మొదలయ్యే అతీతానికి పార్షియల్ అనే ఆదేశం సరిగ్గా సరిపోతుంది. తాళం పడ్డాక మొదలయ్యే అనాగతానికి కూడా కొందరు అదే వాడేస్తున్నారు. వద్దు. అక్కడ మొదట విరామం పెట్టాలి. ఆ ఖాళీ తాళంలో భాగం, చెయ్యి పడింది, గొంతు పడలేదు. విరామం కనిపిస్తేనే పిల్లలు ఆ దెబ్బ వేస్తారు.

కోర్వై దగ్గర నాకే తేలనిది

ఇంతవరకు గట్టిగా మాట్లాడాను కానీ ఒకచోట నా దగ్గర జవాబు లేదు. ఆదితాళం చతురశ్రగతిలో (అక్షరానికి నాలుగు మాత్రలు) స్వరకల్పన చివర కోర్వైగా, అంటే తాళం మొదటికి దిగే ముగింపుగా, తదిగిణతొం లాంటి ఐదు మాత్రల ముక్క మూడుసార్లు వస్తుందనుకోండి. పదిహేను. నాలుగు అక్షరాలకి పదహారు. ఒక మాత్ర విడిచి ఎత్తుకుంటే తిన్నగా సమానికి (తాళం మొదటి దెబ్బకి) దిగుతుంది. సెమీక్వేవర్లలో రాస్తే బీమ్ ఎలా వేయాలి? నాలుగు నాలుగుగా తెంపితే చెయ్యి ఎక్కడ పడుతుందో కనిపిస్తుంది, ముక్క కనిపించదు. ఐదు ఐదుగా తెంపితే ముక్క తళుక్కున కనిపిస్తుంది, అక్షరం ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇన్నాళ్లూ "తాళానికే బీమ్" అన్న నా మాట ప్రకారం నాలుగులే వేయాలి. కానీ ఆ ముక్క అందమంతా అక్షరాన్ని దాటుకుంటూ పోవడంలోనే ఉంది, దాన్ని నాలుగులుగా నరికితే ఏం మిగిలింది?

పాశ్చాత్య సంగీతం చదివినవాళ్లు నాలుగులే కావాలంటారు, దెబ్బ కనిపించాలన్నది వాళ్ల నియమం. నాకు తెలిసిన ఒక వయొలిన్ మాస్టారిదీ అదే మాట. ఆయన కారణం వేరు: శిష్యుడు ముక్క మీద మోజులో తాళం వదిలేస్తాడని. బాబాయి ఒప్పుకోరు. "తాళం చేతిలో ఉండాలిరా, కాగితం మీద కాదు. కాగితం మీద నడక కనపడనీ." ఇదే బెజవాడలో సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా చేసిన బాలమురళీకృష్ణ గారు, శబ్దం వచ్చే క్రియల్లోనే (చేతి దెబ్బల్లోనే) గతి (నడక) మార్చి త్రిముఖి, పంచముఖి లాంటి తాళాలు కట్టారు. అక్కడ దెబ్బా నడకా ఒకటే అయిపోయాయి, దెబ్బ దగ్గర తెంపితే నడక కూడా కనిపిస్తుంది. కోర్వైలో ఆ సుఖం లేదు.

చివరికి ఒకే ఫైల్లో రెండూ పెట్టుకున్నాను. ఐదుల బీమ్‌లు చేత్తో వేయాలి: జట్టులో మొదటి స్వరం తర్వాత [, చివరి స్వరం తర్వాత ]. మొదటి స్వరానికి ముందు కాదు, తర్వాత. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది దీని దగ్గరే. ట్యాగ్ పెట్టి ఒకసారి నాలుగుల కాగితం, ఇంకోసారి ఐదుల కాగితం తీస్తాను. స్వరం దిద్దాల్సివస్తే రెండుచోట్లా దిద్దాలి, అదొక్కటే చిరాకు. మాస్టారు నాలుగులది అడిగి తీసుకెళ్తారు. బాబాయి దగ్గరికొచ్చే పిల్లలు ఐదులది పట్టుకెళ్తారు. కీబోర్డు అమ్మాయి మాత్రం రెండూ తీసుకుని, స్టాండు మీద పక్కపక్కనే పెట్టుకుంటోంది. ఏది చూసి వాయిస్తున్నావని అడిగితే "మొదట్లో అది, ఎండింగ్‌లో ఇది అంకుల్" అంది.